ఏం పనో అడగలేదు

నేను రిటైరై రెండేళ్లు దాటింది. అయినా కాలేజీల్లో అడ్మిషన్లు మొదలైతే చాలు, నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. "సార్, మా తమ్ముడు డిగ్రీలో కమ్యూనికేషన్, డిజిటల్ మీడియా తీసుకుంటానంటా ఉండాడు. ఉద్యోగాలు ఉంటాయా?" అని పాత విద్యార్థులు, వాళ్ల బంధువులు, ఒక్కోసారి ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా అడుగుతుంటారు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఈ ప్రశ్నకు అర నిమిషంలో జవాబు చెప్పేవాణ్ని. ఇప్పుడు అరగంట పడుతోంది. సగంలోనే "సరే సార్, మళ్లీ చేస్తా" అని పెట్టేసేవాళ్లే ఎక్కువ. వాళ్లను తప్పుపట్టను. అవుననో కాదనో ఒక మాట వినడానికి ఫోన్ చేసినవాళ్లకు నేను ఒక అమ్మాయి సంగతి చెప్పడం మొదలుపెడితే ఎంతసేపని వింటారు? కాగితం మీదైతే నన్ను మధ్యలో ఆపేవాళ్లు ఉండరు కాబట్టి ఇక్కడ మొత్తం చెప్పేస్తాను.

తిరుపతిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను తెలుగు చెప్పేవాణ్ని. తెలుగు తీసుకునే పిల్లలు తగ్గిపోయి, నా పీరియడ్లు వారానికి ఆరుకు పడిపోయిన ఏడాది ప్రిన్సిపాల్ పిలిచి, కొత్తగా మీడియా కోర్సు పెడుతున్నామన్నారు. "ఆ కోర్సంతా మాట్లాడేదే కదప్పా. నువ్వు బాగా మాట్లాడతావు. నువ్వే సూసుకో" అన్నారు. అప్పటికి నాకు ఫోన్లో ఫోటో అంచులు కత్తిరించడం కూడా రాదు. మొదటి ఏడాది పిల్లలకు నేను నేర్పిందానికంటే వాళ్ల దగ్గర నేను నేర్చుకున్నదే ఎక్కువ. ఈ మాట అప్పట్లో ఎవరి ముందూ ఒప్పుకోలేదు.

ఆ విభాగంలో నాతో పాటు ఇంకొక్కరే అధ్యాపకురాలు. హైదరాబాదులో ఒక టీవీ చానల్ డెస్కులో పదేళ్లు వార్తలు రాసి, చానల్ వాళ్లు ఆ డెస్కునే ఎత్తేస్తే సొంత ఊరికి వచ్చేసిన మనిషి. వయసులో నాకంటే చాలా చిన్న. పనిలో చాలా పెద్ద. కెమెరా, ఎడిటింగ్, వార్త రాయడం అన్నీ ఆమె చెప్పేది. భాష నేను చెప్పేవాణ్ని. దానితో పాటు ప్లేస్‌మెంట్లు కూడా నాకే అప్పగించారు. కంపెనీలకు ఫోన్ చేసి, వాళ్లను కాలేజీకి రప్పించి, పిల్లలకు ఉద్యోగాలు ఇప్పించాలి. ఫోన్లో నా గొంతు గంభీరంగా ఉంటుందన్నది తప్ప నన్ను ఎంచుకోవడానికి వేరే కారణం నాకు తెలియదు.

కోర్సు పెట్టిన రెండో ఏడాది, కార్వేటినగరం నుంచి ఒక నాయన, కూతురు అడ్మిషన్ కోసం వచ్చారు. ఆయనకు ఊళ్లో చిన్న చిల్లర అంగడి ఉంది. అమ్మాయి బైపీసీలో మంచి మార్కులు తెచ్చుకుంది. ఆ మార్కులతో మా కోర్సుకు వచ్చేవాళ్లు అరుదు.

"ఈ సదువైనాక యాడ పని దొరుకుతాది సార్?" అని అడిగాడాయన.

నేను వెంటనే మొదలుపెట్టాను. పత్రికలు, టీవీలు, రేడియో, ప్రకటనల సంస్థలు, సినిమా, ఆసుపత్రులు, హోటళ్లు, శ్రీ సిటీ ఫ్యాక్టరీలు. మాట పనికొచ్చే ప్రతి చోటా మా పిల్లలు పనికొస్తారన్నాను. ఆయన చేతులు కట్టుకుని చివరిదాకా విన్నాడు.

"అన్నీ బాగా సెప్పినారు సార్. దాంట్లో మా పాపకి ఏది?"

నేను పెద్దగా నవ్వి, "ముందు చేరనీండి, అన్నీ అవే వస్తాయి" అన్నాను. ఆయనా నవ్వాడు. పెద్దవాడు నవ్వితే తిరిగి నవ్వాలన్న మర్యాదకే అలా నవ్వాడని అప్పుడు నాకు తోచలేదు.

ఆ అమ్మాయి చదువులో చురుకే గానీ, అసలు విశేషం అది కాదు. రెండో ఏడాది ప్రాజెక్టుకు చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరే ఆడవాళ్ల మాటలు రికార్డు చేసుకొచ్చింది. సగం తెలుగు, సగం తమిళం. వాళ్లు తమలో తాము మాట్లాడుకున్నట్టే ఉంది తప్ప, మైకు ముందు మాట్లాడినట్టు లేదు. మా సహోద్యోగిని అది రెండుసార్లు విని, "ఈ పిల్ల ముందు మనుషులు జంకు లేకుండా మాట్లాడతారు సార్. ఇది మనం నేర్పితే వచ్చేది కాదు" అంది.

ఆ బ్యాచి ఆఖరి ఏడాదిలో ఉన్నప్పుడు చెన్నై నుంచి ఒక కంపెనీ వచ్చింది. అంతకు ముందు మా పిల్లలకు ఉద్యోగాలు రాలేదని కాదు. ఒకడికి ఒక చోట, ఇంకొకరికి ఇంకో చోట, నేను బతిమాలితే వచ్చినవే. ఒక కంపెనీ తనంతట తాను వచ్చి, ఒకేసారి నలుగురిని తీసుకుంటామనడం అదే మొదలు. తెలుగు, తమిళం రెండూ వచ్చినవాళ్లు కావాలన్నారు. చిత్తూరు జిల్లా పిల్లలకు ఆ రెండూ పుట్టుకతో వచ్చినవే కదా. ఉద్యోగం పేరు కంటెంట్ రివ్యూ.

"రివ్యూ అంటే రోజంతా ఏం చూడాలి?" అని మా సహోద్యోగిని అడిగింది.

వచ్చినతను నవ్వి, "జనం ఇంటర్నెట్లో పెట్టేవన్నీ మేడమ్" అన్నాడు.

"ఒక ఉదాహరణ చూపిస్తారా?"

"అది బయటికి చూపించకూడదు మేడమ్."

ఆమె నన్ను వరండాలోకి పిలిచింది. "సార్, ఆఫీసు చూపించమని అడగండి. పని చేసే చోట ఒక పూట కూర్చుంటామనండి. నేను అడిగితే నవ్వేస్తున్నాడు. పెద్దవాళ్లు, మీరు అడిగితే కాదనలేడు."

"ఉండమ్మా. మనం ఎక్కువ తవ్వితే వాళ్లు పక్క కాలేజీకి పోతారు" అన్నాను.

లోపలికి వెళ్లి కంపెనీ ఒప్పందం మీద నేను సంతకాలు పెట్టాను. ఆ అమ్మాయితో కలిపి నలుగురు ఎంపికయ్యారు. వారంలో కాలేజీ గేటు పక్కన వాళ్ల ఫోటోలతో పెద్ద ఫ్లెక్సీ లేచింది. నాయన ఊరి నుంచి మామిడి తాండ్ర పట్టుకొచ్చి, ఫ్లెక్సీ కింద నిలబడి నాతో ఫోటో తీయించుకున్నాడు. ఆ రోజు నా నడక కూడా మారిందని భార్య అంది.

అమ్మాయి చెన్నై వెళ్లాక అప్పుడప్పుడు ఫోన్ చేసేవాణ్ని. "బాగుండాను సార్" అనేది. ఎప్పుడు చేసినా అదే మాట, అదే స్వరం. గలగలా మాట్లాడే పిల్ల రెండు మాటలతో సరిపెడుతోందని గమనించకపోలేదు. పెద్ద ఊరు, కొత్త పని, అలాగే ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను.

నెల కూడా తిరక్కముందే ఆ నలుగురిలో ఒకడు పని వదిలేసి వచ్చేశాడు. నా దగ్గరికి రాలేదు. మేడమ్ దగ్గరికి వెళ్లాడు. ఆమే వాణ్ని నా గదికి తీసుకొచ్చింది.

"అది రాసే పని కాదు సార్, సూసే పని" అన్నాడు తల వంచుకుని. "జనాలు కంప్లైంట్ ఇచ్చిన వీడియోలన్నీ మా కాడికి వస్తాయి. కొట్టుకునేవి, సంపుకునేవి, పిల్లోళ్లను హింస పెట్టేవి. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా ఒకటి ఎనకాల ఒకటి వస్తానే ఉంటాయి. సూసి, ఉంచాల్నా తీసేయాల్నా అని నొక్కాల. నా వల్ల కాలేదు సార్."

వాడు వెళ్లాక వెంటనే అమ్మాయికి ఫోన్ చేశాను. "నీదీ అదే పనా అమ్మా?"

"ఎవరికీ చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు సార్" అంది.

ఇక్కడ నేనేమన్నానో దాచకుండా రాయాలి. వచ్చేయమనలేదు. "కొంచెం ఓపిక పట్టమ్మా. ఒక ఏడాది అనుభవం ఉంటే వేరే చోటికి మారొచ్చు" అన్నాను. సంతకం పెట్టిన రోజు చేసింది తెలియక చేసిన తప్పనుకోవచ్చు. ఈ మాట మాత్రం అన్నీ తెలిసి అన్నాను. ముగ్గురు పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారని నాకు గుర్తుంది. ఫ్లెక్సీ ఇంకా గేటు పక్కనే ఉందనీ గుర్తుంది. రెండింట్లో ఏది నా చేత ఆ మాట అనిపించిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మళ్లీ అడ్మిషన్లు వచ్చాయి. తల్లిదండ్రులతో పెద్ద సమావేశం పెట్టి, ఉద్యోగం వచ్చిన పాత విద్యార్థిని ఒకరిని మాట్లాడించాలని యాజమాన్యం అనుకుంది. ప్రిన్సిపాల్ ఆ అమ్మాయి పేరే చెప్పారు. నేను ఫోన్ చేశాను, రాదనే ఆశతో. "వస్తాను సార్" అంది.

సమావేశం రోజు పొద్దునే నాయనతో కలిసి స్టాఫ్ రూముకు వచ్చింది. మనిషి చిక్కిపోయింది. కూర్చున్న కాసేపటికి వరండాలో ఎవరో పిల్లలు ఫోన్లో ఏదో వీడియో పెద్దగా పెట్టుకుని నవ్వుతున్నారు. ఆమె లేచి వెళ్లి తలుపు మూసి వచ్చింది.

"ఇంటికొచ్చినా ఇంతే సార్" అన్నాడు నాయన. "టీవీ పెట్టనీదు. అంగడి కాడ ఎవురన్నా ఫోన్ సూస్తా ఉంటే లోపలికి ఎలబారిపోతాది. పనెక్కువై అలిసిపోయిందేమో అనుకుంటిమి."

మా సహోద్యోగిని ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. అమ్మాయే చెప్పింది.

"ఒకసారి మన పక్క యాసతో ఒక వీడియో వచ్చింది మేడమ్. ఎవరో ఒక పాపను కొడతా ఉండారు. ఆ పాప 'నాయనా, నాయనా' అంటా ఉంది. తీసేయాలని నొక్కినాను. అంతే, ఇంకో వీడియో వచ్చేసింది. ఆ పాప ఏ ఊరో, ఏమైందో ఎవరూ చెప్పరు. పైవాళ్లను అడిగితే మన పని నొక్కడం వరకే అన్నారు." నా వైపు చూసింది. "భాష తెలుసనే కదా సార్ నన్ను తీసుకునింది. ఆ మాటలు అర్థం కాకుండా ఉంటే బాగుండు అనిపించింది."

నాయన కూతురి మొహం చూస్తూ ఉండిపోయాడు. ఆ సంగతి ఆయనా అప్పుడే వింటున్నాడు.

ఇంతలో ప్రిన్సిపాల్ తలుపు తోసుకుని వచ్చి, "రామ్మా, హాలు నిండిపోయింది. రెండు నిమిషాలు మాట్లాడితే చాలు" అన్నారు. "నీకు ఇష్టం లేకపోతే వద్దు. నేను ఏదో ఒకటి చెబుతాను" అన్నాను మెల్లగా. "మాట్లాడతాను సార్. దానికే వచ్చినాను. నిన్ననే రాజీనామా పంపించేసినాను" అంటూ లేచింది.

వేదిక మీద ఆమె కంపెనీ పేరు ఎత్తలేదు. ఎవరినీ తిట్టలేదు. జీతం నెల నెలా సరిగ్గా వచ్చేదనీ, ఆఫీసు బస్సు ఇంటి దగ్గరే ఎక్కించుకునేదనీ కూడా చెప్పింది. తర్వాత తాను రోజంతా ఏం చూసేదో నాలుగు వాక్యాల్లో చెప్పింది. "ఈ కోర్సు మంచిదే. మాకు సార్, మేడమ్ చాలా నేర్పించినారు. నేర్పించింది ఒక్కటి కూడా ఆ పనిలో అవసరం పడలేదు. కళ్లు ఉంటే చాలు. మీ పిల్లలు ఉద్యోగంలో చేరేటప్పుడు, రోజంతా ఏం చేయాలని ఒక్క మాట అడిగి చేరమనండి" అని దిగిపోయింది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ అర్థం కాలేదు.

మూడో వరసలో ఒకామె లేచింది. పక్కన కొడుకు కూర్చుని ఆమె కొంగు పట్టి లాగుతున్నాడు. "సార్, పిల్లోళ్లను పంపేటప్పుడు అది ఏం పనో మీకు తెలీదా?" అని నన్నే సూటిగా అడిగింది.

మైకు నా చేతికొచ్చింది. 'కంపెనీ వాళ్లు ముందు ఒకటి చెప్పి తర్వాత ఒకటి చేయించారు' అన్న వాక్యం నా నోట్లో సిద్ధంగా ఉంది. వ్యాకరణ దోషం కూడా లేదు. ముందు వరసలో నాయన, ఆ పక్కన మా సహోద్యోగిని కూర్చుని ఉన్నారు. ఆమె నా వైపు చూడకుండా నేల చూస్తోంది. నేనేం చెబుతానో ముందే తెలిసినట్టు. ఆ తల వంపు చూశాక సిద్ధంగా ఉన్న వాక్యం బయటికి రాలేదు.

"తెలియదమ్మా. తెలుసుకోమని మా మేడమ్ చెప్పింది. అడిగితే ఉద్యోగాలు పోతాయేమోనని నేనే అడగలేదు. నెల లోపే తెలిసింది. అప్పుడు కూడా ఈ అమ్మాయిని ఓపిక పట్టమన్నాను. తప్పు నాది" అన్నాను.

సమావేశం అక్కడితో ముగిసినట్టే. బయటికి రాగానే ప్రిన్సిపాల్, "నిజం సెప్పేదానికి అడ్మిషన్ల రోజే దొరికిందా అప్పా నీకు?" అన్నారు. కోపం కంటే బాధే ఎక్కువ వినిపించింది. ఆ మధ్యాహ్నమే ఫ్లెక్సీ దించి బీకాం ఫ్లెక్సీ కట్టారు. ఆ ఏడాది మా కోర్సులో పదకొండు మందే చేరారు. నన్ను మాత్రం తీసేయలేదు. ప్లేస్‌మెంట్ల పని నెత్తికెత్తుకోవడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు మరి. చెన్నైలో మిగిలిన ఇద్దరికీ నేనే ఫోన్ చేసి వచ్చేయమన్నాను. ఒకడు వచ్చాడు. ఇంకొకడు, "నాకు అలవాటైపోయింది సార్" అన్నాడు. ఆ మాట విన్నాక రెండు రోజులు నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు.

నెల తర్వాత కార్వేటినగరం వెళ్లాను. నాయన అంగడిలోనే స్టూలు వేసి, సోడా కొట్టి ఇచ్చాడు. క్షమించమని ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుంటే ఆయనే అన్నాడు. "మీరొక్కరే కాదు సార్. నేనూ అడగలా. ఏసీ బస్సులో పోతాది అంటానే సంబరపడిపోతి."

అమ్మాయి లోపలి నుంచి వచ్చింది. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆమె విని, "ఊరికే కూర్చోలేకపోతా ఉండాను సార్. ఏదన్నా పనుంటే చెప్పండి. ఈసారి మీరు పోయి చూసి చెప్పండి" అంది.

అప్పటి నుంచి నా కాలు ఒకచోట నిలవలేదు. ఏ కంపెనీ పిల్లలు కావాలన్నా, ముందు అక్కడికి పోయి ఒక రోజంతా కూర్చునేవాణ్ని. సగం మంది ఆ షరతు వినగానే మళ్లీ ఫోన్ చేయలేదు. తిరుపతిలోనే ఒక మీడియా ఆఫీసని వెళ్తే, ఒక గదిలో పది మంది పిల్లలు తలా నాలుగు ఫోన్లు పెట్టుకుని, దొంగ పేర్లతో రాజకీయ నాయకులను పొగుడుతూ, తిడుతూ ఉన్నారు. పొగిడేవాళ్లూ తిట్టేవాళ్లూ ఒకే బల్ల మీద. మంచినీళ్లు కూడా తాగకుండా లేచి వచ్చాను. ఇంకోచోట, ఒక ఆసుపత్రిలో, ఇంటికి పోయే రోగులకు ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో అర్థమయ్యేలా చెప్పే మనిషి లేక నర్సులు అల్లాడుతున్నారు. అది మా పిల్లలు చేయగల పనని అంతవరకు నాకు తట్టలేదు. అడ్మిషన్లప్పుడు గడగడా చదివిన జాబితాలో ఆసుపత్రులన్న మాట మాత్రం ఉండేది.

పలమనేరులో పాడి రైతుల సంఘం ఒకటి ఉంది. వాళ్ల మేనేజరు చెప్పింది నాకు నచ్చింది. "ఆవులకు జబ్బులొస్తే ఏం చేయాలో రాసి రైతుల ఫోన్లకు పంపుతాము సార్. ఎవురూ చదవరు. మాటతో చెప్తే ఇంటారు. ఆ మాట చెప్పేవాళ్లు లేరు." అక్కడ పొద్దుటి పాలు పోసే వేళ నుంచి సాయంత్రం పాలదాకా కూర్చుని, అమ్మాయికి ఫోన్ చేసి చూసింది చూసినట్టు చెప్పాను. జీతం చెన్నైలో సగమని కూడా చెప్పాను. చేరింది.

మొదటి సందేశం, 'క్షీరగ్రంథి శోథ' అంటూ, నేను నేర్పిన భాషలో చక్కగా చదివింది. ఆ సాయంత్రమే ఒక రైతు ఫోన్ చేసి, "ఎవురమ్మా నువ్వు? రేడియో మాదిరి మాట్లాడతా ఉండావే. పొదుగు వాపని సెప్పు, అర్థమైతాది" అన్నాడట. అది చెప్పి ఆమె నవ్వింది. చాలాకాలం తర్వాత విన్న నవ్వు. నా పాఠం తేలిపోయినందుకు నాకేమీ బాధ కలగలేదు.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. ఏడాదిన్నర తర్వాత ఆమె అక్కడా మానేసి, శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో చేరింది. యంత్రాల దగ్గర ఎలా మసలుకోవాలో కార్మికులకు తెలుగు, తమిళం, హిందీల్లో వీడియోలు చేసి చూపించే పని. ఎందుకు మారావంటే, "అక్కడ నేర్చుకోవాల్సింది అయిపోయింది సార్" అంది. ఇంకా కుదురుకోలేదే అని నేను దిగులు పడ్డాను. మా సహోద్యోగిని, "కుదురుగా కూర్చుంటేనే బాగున్నట్టా సార్? నేను పదేళ్లు ఒకే కుర్చీలో కూర్చున్నాను. ఆ కుర్చీయే లేకుండా పోయింది" అంది. ఆ అమ్మాయి ఇప్పటికీ తెలియని వీడియో ఏదైనా వస్తే శబ్దం తీసేసి, ముందు కంటి కొన నుంచి చూస్తుందట. అది పోతుందో లేదో ఎవరం చెప్పగలం?

పోయిన నెల వాళ్ల ఫ్యాక్టరీలో ఇంకొకరు కావాల్సి వచ్చింది. ఆఖరి ఏడాది చదివే ఒక అమ్మాయిని పంపమని ఆమె మేడమ్‌ను అడిగింది. మేడమ్‌కు పరీక్షల పని పడి, తోడు వెళ్లమని నన్ను అడిగింది. రిటైరైనవాణ్ని, బస్సులో గంటన్నర ప్రయాణమంటే సంతోషంగా బయలుదేరాను.

చిన్న గదిలో బల్లకు అటు ఆమె, ఇటు నేను తీసుకెళ్లిన ఈ అమ్మాయి. నన్ను కూడా కూర్చోమంటే గోడవారగా కూర్చున్నాను. చదువు, ప్రాజెక్టు, భాషల సంగతి అయ్యాక ఈ అమ్మాయి కొంచెం బెరుగ్గా, "అక్కా, రోజంతా నేను ఏం చేయాల్సి ఉంటుంది?" అని అడిగింది.

ఆమె లేచి, గోడకు తగిలించిన రెండు హెల్మెట్లు తీసి, ఒకటి ఈ అమ్మాయి చేతికిచ్చింది. "రా, చూద్దువు గానీ" అని లోపలికి తీసుకెళ్లిపోయింది. నాకు అనుమతి లేదట. అక్కడే కూర్చున్నాను. ఉన్న ఒక్క పత్రికను రెండుసార్లు చదివాను. లేచి తలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ కూర్చున్నాను. గంట దాటింది.

ఇద్దరూ తిరిగొచ్చేసరికి ఈ అమ్మాయి నుదుట చెమట, హెల్మెట్ అంచు గుర్తు. నియామకం కాగితం బల్ల మీద పెట్టి, ఆమె "ఏమంటావు?" అంది.

ఈ అమ్మాయి ఆ కాగితం మొత్తం చదివింది. మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఆలోచించుకోని రేపు చెప్తాను అక్కా" అంది.

ఇన్నేళ్ల నా ఉద్యోగంలో, కంపెనీ వాళ్ల ముందు కూర్చుని ఆ మాట అన్న విద్యార్థిని నేను చూడలేదు.